పసివాని పరిశోధనలు – చలికాలపు ఆటలు

పదునాలుగు నెలల బిడ్డ గరిటెను నేలపై పడవేయును. అది ఖంగున మ్రోగును. తల్లి తీసి చేతికిచ్చును. బిడ్డ మరల పడవేయును. ఈ విధముగ పదిమార్లు జరుగునప్పటికి తల్లికి విసుగు కలుగుట సహజమే. “ఎంత అల్లరి!” అని ఆమె గరిటెను గూటిలో దాచివేయును. కాని బిడ్డ చేయుచున్నది అల్లరి కాదు. విడిచిన వస్తువు ప్రతిసారియు క్రిందికే పోవునా? నేలపై పడినపుడును, చాపపై పడినపుడును ధ్వని ఒక్కటిగనే యుండునా? పడవేసిన ప్రతిసారియు అమ్మ తీసి యిచ్చునా? ఈ ప్రశ్నలకు వాడు సమాధానములు వెదకుకొనుచున్నాడు. మాటలు రాని వయస్సున ప్రశ్నించుటకు వానికి చేతులు తప్ప వేరు సాధనము లేదు.

ఒకటి మొదలు మూడు సంవత్సరముల వయస్సు గల బిడ్డలకు ఆటయే విద్య. ఆ ఆటలో తల్లిదండ్రులకు గల పాత్ర యేమి, చలికాలమున బిడ్డను ఇంట మూసిపెట్టక ఆడించుట యెట్లు, ఆ ఆటలో పొంచియున్న ప్రమాదములు ఏవి అను విషయములను ఇందు వివరింతుము.

కర్మాగారపు నీడలోని కాపురములు

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున దుర్గు జిల్లాలో భిలాయి ఉక్కు నగరము కలదు. భారత, సోవియట్ ప్రభుత్వములు 1955 ఫిబ్రవరి 2వ తేదీన చేసికొనిన ఒప్పందము ననుసరించి ఇచ్చట ఉక్కు కర్మాగారము నిర్మింపబడినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. నాడు మధ్యప్రదేశమునకు చెందిన ఈ ప్రాంతము 2000 నవంబరు 1వ తేదీన ఏర్పడిన ఛత్తీస్‌గఢ్‌లో చేరినది. కర్మాగారమునకు అనుబంధముగ అనేక చిన్న పెద్ద కార్ఖానాలు వెలసినవి. అట్టి పారిశ్రామిక ప్రాంతములలో హథ్‌ఖోజ్ ఒకటి.

ఉపాధి వెదకుకొనుచు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి అనేక తెలుగు కుటుంబములు భిలాయికి తరలివచ్చినవి. వారిలో కొందరికి ఇది మూడవ తరము. ఇట్టి కాపురములలో పసిబిడ్డల పెంపకమునకు రెండు చిక్కులు కలవు. మొదటిది, తండ్రి షిఫ్టు పని. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన తండ్రి పగలు నిద్రింపవలెను. ఒక్క గది ఇంటిలో బిడ్డను “చప్పుడు చేయకు” అని అదుపు చేయవలసి వచ్చును. రెండవది, స్వగ్రామమున వలె నాయనమ్మ, అమ్మమ్మ, పిన్ని, మేనత్త దగ్గర లేకపోవుట. తల్లి యొంటరిగ వంట, ఉతుకు, నీళ్ళు చూచుకొనుచు, బిడ్డ ఊరకుండుటకై చేతికి ఫోను ఇచ్చును. బిడ్డ ఊరకుండును. కాని ఆ ఊరకుండుటలోనే నష్టము కలదు.

ఆట వలన కలుగు లాభము

బిడ్డ పుట్టిన తొలి మూడు సంవత్సరములలో మెదడు మిక్కిలి వేగముగ ఎదుగును. మెదడులోని కణముల మధ్య సంబంధములు ఈ కాలమున విస్తారముగ ఏర్పడును. ఏవి తరచుగ వినియోగింపబడునో అవి బలపడును; వినియోగము లేనివి క్షీణించును. బిడ్డ చూపిన వస్తువును తల్లి చూచి పేరు చెప్పుట, బిడ్డ నవ్విన తండ్రి నవ్వుట, బిడ్డ చేసిన శబ్దమునకు బదులు పలుకుట – ఈ ఇచ్చిపుచ్చుకొనుట వలననే భాషయు, తెలివియు, ధైర్యమును అలవడును. ఫోను తెర మీది బొమ్మ బిడ్డ కన్నులలోనికి చూడదు. వాని శబ్దమునకు బదులు పలుకదు.

ఇది కేవలము ఊహ కాదు. జమైకా దేశపు కింగ్‌స్టన్ నగరమున, వయస్సుకు తగిన ఎత్తు పెరుగని 129 మంది బిడ్డలపై 1980 దశాబ్దమున ఒక ప్రయోగము మొదలైనది. వారి వయస్సు 9 మొదలు 24 నెలలు. డాక్టరు శాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్ నాయకత్వమున ఆరోగ్య కార్యకర్తలు కొందరు బిడ్డల ఇండ్లకు వారమునకొక పర్యాయము పోయి, ఇంటనే తయారు చేసిన బొమ్మలతో బిడ్డను ఆడించుట యెట్లో తల్లికి చూపిరి. రెండు సంవత్సరములు ఇది సాగినది. ఇట్లు ఆడింపబడిన బిడ్డల తెలివితేటలు తక్కినవారి కంటె మెరుగుపడినట్లు 1991లో ప్రకటింపబడినది. ఇరువది సంవత్సరముల పిదప విచారింపగా, వారి సంపాదన అట్టి సహాయము పొందని సాటివారి కంటె 25 శాతము అధికముగ నున్నట్లు 2014లో వెల్లడియైనది. వెలగల బొమ్మలు గాని, గొప్ప పాఠశాల గాని ఇందులకు కారణములు కావు. తల్లి బిడ్డతో కూర్చుండి ఆడుటయే కారణము.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సలహాల ప్రకారము ఒకటి, రెండు సంవత్సరముల వయస్సు గల బిడ్డలు దినమునకు కనీసము 3 గంటలు శరీరము కదలునట్లు ఆడవలెను. పగటి కునుకుతో కలిపి 11 మొదలు 14 గంటలు నిద్రింపవలెను. ఏడాది బిడ్డకు తెర చూపనే రాదు. రెండేండ్లు నిండిన బిడ్డకు దినమునకు ఒక గంటకు మించరాదు.

చలికాలమున బయట ఆడింపవచ్చునా?

భిలాయి ప్రాంతమున డిసెంబరు, జనవరి మాసములందు రాత్రి వేళ చలి 10 డిగ్రీల దరిదాపులకు దిగు దినములు కలవు. కోస్తా జిల్లాలనుండి వచ్చిన తల్లులకు ఇది పెద్ద చలియే. అందువలన కొందరు బిడ్డకు మూడు నాలుగు ఉన్ని బట్టలు తొడిగి, కిటికీలు మూసి, గదిలోనే యుంచుదురు. చలిగాలియే జలుబును పుట్టించునని వారి భయము. నిజమునకు జలుబు సూక్ష్మక్రిముల వలన కలుగును. మూసిన గదిలో పలువురు దగ్గరగ నుండుట వలన ఆ క్రిములు ఒకరినుండి మరియొకరికి సులభముగ సోకును. తగిన బట్టలతో ఎండలో ఆడుట వలన బిడ్డకు హాని లేదు. పైగా ఎండ సోకిన చర్మమున ఎముకల బలమునకు అవసరమగు డి విటమిను తయారగును.

అయినను వేళ ఎరిగి బయటికి తీసికొనిపోవలెను. చలి ఉదయములందు నేలకు దగ్గరగ నున్న చల్లని గాలి పైకి పోజాలదు. పొయ్యిల పొగ, లారీల పొగ, కార్ఖానాల ధూళి ఆ గాలిలోనే నిలిచియుండును. పొద్దు పైకెక్కి, నేల వెచ్చబడిన పిమ్మట ఆ పొగ చెదరును. కావున పొగమంచు విడిపోయిన తరువాతనే బిడ్డను వాకిటికి తీసికొనిపోవుట మేలు. లారీలు తిరుగు దారి ప్రక్కన గాక, లోపలి సందునందో, మైదానమునందో ఆడింపవలెను.

బట్టల విషయమున ఒక సులభమైన లెక్క కలదు. పెద్దలు ఎన్ని పొరలు ధరింతురో బిడ్డకు దానికంటె ఒక పొర అధికముగ చాలును. వీపుపై చేయి పెట్టి చూడుడు. వెచ్చగ, పొడిగ నున్నచో బట్టలు సరిపోయినట్లే. చెమట పట్టియున్నచో ఒక పొర తీసివేయవలెను. ఆ చెమట ఆరునప్పుడు బిడ్డకు చలి వేయును.

కొనకయే దొరకు ఆటవస్తువులు

ఎండలో నిలిచిన బిడ్డ మొట్టమొదట కనుగొను వింత తన నీడ. వాడు కదలిన అదియు కదలును; పట్టుకొనబోయిన దొరకదు. తండ్రి తన నీడతో బిడ్డ నీడను ముట్టుకొని ఆడింపవచ్చును. చలి ఉదయమున నోటినుండి వెలువడు ఆవిరి వానికి మరియొక వింత. గడ్డిపై మంచు బిందువులను వ్రేలితో తాకనిండు. ఎండుటాకులపై నడచినపుడు కరకరమను ధ్వని వాని చెవికి సంగీతము. నీడ పట్టున నున్న గోడను, ఎండ పట్టున నున్న గోడను తాకించి “చల్లన”, “వెచ్చన” అని చెప్పుడు. ఆ రెండు మాటలును వాని చేతిలోనుండి మనస్సులోనికి పోవును.

ఇంటిలో స్టీలు గిన్నెలు, మూతలు, చెక్క గరిటెలు, ఖాళీ అట్టపెట్టె, పాత చీర ముక్క చాలును. గిన్నెలో గిన్నె ఇమిడ్చుట వలన పెద్ద, చిన్న అను జ్ఞానము కలుగును. పెట్టెలో వేయుట, తీయుట వలన వ్రేళ్ళకు నేర్పు అలవడును. చీర చెంగున ముఖము దాచుకొని దోబూచులాడినపుడు కంటికి కనబడని అమ్మ లేకుండ పోలేదని బిడ్డ తెలిసికొనును. స్విట్జర్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు జాన్ పియాజె ఈ విషయమును తన బిడ్డలనే గమనించి వివరించెను. మన అమ్మమ్మలు ఈ ఆటను శాస్త్రము చదువకయే ఆడించిరి. దాగుడుమూతలు, చప్పట్లు, తారంగము, వీపుపై ఉప్పుమూట మోయుట, చందమామను చూపి అన్నము తినిపించుట – ఇవి యన్నియు బిడ్డ మెదడునకు పోషణములే.

ఇరుగుపొరుగు భాషల విషయమున తల్లులు భయపడ నవసరము లేదు. ఇంట “నీళ్ళు” అనియు, వాకిట “పానీ” అనియు విను బిడ్డ తికమకపడునని, మాటలు ఆలస్యముగ వచ్చునని కొందరు తలంతురు. రెండు మూడు భాషలు వినుట వలన మాటలు ఆలస్యము కావు. మొదట వాడు రెండు భాషల మాటలను కలిపి పలుకవచ్చును; క్రమముగ వానిని తానే వేరు చేసికొనును. ఇంట తెలుగు చక్కగ మాటలాడుడు. వాకిట హిందీ, ఛత్తీస్‌గఢీ వానికి తామే వచ్చును.

షిఫ్టు పని చేయు తండ్రికి ఒక మాట

“నేను ఇంటనుండునదే తక్కువ, ఆడించుటకు సమయమెక్కడిది?” అని తండ్రులు అందురు. గంటల లెక్క ముఖ్యము కాదు. దినమునకు పావుగంటయైనను, ఫోను ప్రక్కన పెట్టి, బిడ్డ ఎదుట నేలపై కూర్చుండినచో అది చాల విలువ గలది. ఉదయపు షిఫ్టు చేయువారికి సాయంకాలము, రెండవ షిఫ్టు వారికి ఉదయపు ఎండ వేళ, రాత్రి షిఫ్టు వారికి నిద్ర లేచిన పిమ్మట మధ్యాహ్నము – ఏదో యొక వేళను బిడ్డకొరకు నిర్ణయించుకొనవలెను. రాత్రి పని చేసినవారు ముందు తనివితీర నిద్రింపవలెను. అలసిన కన్నులతో బిడ్డను ఎత్తుకొని తిరుగుట ప్రమాదము. తండ్రి నిద్రించు వేళలో తల్లి బిడ్డను వాకిటి ఎండకు తీసికొనిపోయినచో ఇద్దరికిని మేలగును. బిడ్డ చప్పుడు చేసికొనవచ్చును, తండ్రి నిద్రింపవచ్చును.

పనినుండి వచ్చిన వెంటనే బిడ్డ పరుగెత్తుకొని వచ్చి కాళ్ళను చుట్టుకొనును. ఆ ముద్దు నాపుట కష్టమే. అయినను కార్ఖానా దుమ్ము పట్టిన బట్టలు విప్పి, చేతులు ముఖము సబ్బుతో కడుగుకొనిన పిమ్మటనే బిడ్డను ఎత్తుకొనవలెను. బిడ్డ ఆడుకొనునని జేబులో నట్టు, బోల్టు, బేరింగు గుండు తేరాదు. అవి వాని నోటికి పోవును.

భోగిపండ్లు – జాగ్రత్తలు

సంక్రాంతి ముందునాడు భోగి. ఆ సాయంకాలము పసిబిడ్డలను కూర్చుండబెట్టి రేగుపండ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణెములు కలిపి తలపై పోయుట మన ఆచారము. కొందరు నానబెట్టిన సెనగలు కూడ కలుపుదురు. ఇరుగుపొరుగు పేరంటాండ్రు వచ్చి దీవింతురు. పుష్య పౌర్ణమి నాడు ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ఛేర్‌ఛేరా పండుగ జరుగును. పిల్లలు ఇంటింటికి పోయి క్రొత్త ధాన్యము అడుగుదురు. తండ్రి భుజముపై కూర్చుండి ఈ వేడుక చూచుట బిడ్డకు ఎంతయో సంతోషము. ఈ పండుగలను మానవలసిన పని లేదు. కాని కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి.

నాలుగేండ్లలోపు బిడ్డకు నమలుట పూర్తిగ రాదు. గొంతు గొట్టము సన్నము. రేగుగింజ, సెనగ, వేరుసెనగ, నాణెము, చెరకు పిప్పి వాని గొంతున అడ్డుపడి నిమిషములలో ప్రాణము తీయగలవు. కావున భోగిపండ్లు పోయునపుడు పూలరేకులు అధికముగ, నాణెములు పెద్దల చేతిలోనే యుండునట్లు చూడవలెను. పోసిన వెంటనే నేలపై పడినవానినెల్ల ఏరివేయవలెను. రేగుపండు పెట్టదలచినచో గింజ తీసి, గుజ్జు మాత్రమే పెట్టుడు. నువ్వులుండ ఇవ్వదలచినచో గట్టి ఉండగ గాక మెత్తగ దంచిన పొడిగ ఇయ్యవలెను. బిడ్డ పరుగెత్తుచుండగ, నవ్వుచుండగ నోట ఏమియు పెట్టరాదు. గుండీ వంటి చిన్న బ్యాటరీలు మరింత భయంకరములు; మ్రింగిన రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలవు. అట్టి అనుమానము కలిగిన వెంటనే ఆసుపత్రికి పరుగెత్తవలెను.

గొంతున అడ్డుపడి బిడ్డ దగ్గలేక, ఏడువలేక యున్నచో, తల వంచి పట్టుకొని రెండు భుజముల నడుమ వీపుపై అరచేతి మడమతో 5 దెబ్బలు గట్టిగ కొట్టవలెను. ఫలింపనిచో, ఏడాది దాటిన బిడ్డకు వెనుకనుండి చేతులు చుట్టి, బొడ్డునకు పైన, రొమ్ము ఎముకకు క్రింద పిడికిలి పెట్టి, లోనికిని పైకిని 5 మార్లు నొక్కవలెను. వస్తువు బయటపడువరకు ఈ రెండును మార్చి మార్చి చేయవలెను. ఏడాది నిండని శిశువునకు పొట్ట నొక్కరాదు. వీపుపై దెబ్బల పిమ్మట రొమ్ము నడుమ రెండు వ్రేళ్ళతో లేక అరచేతి మడమతో 5 మార్లు నొక్కవలెను. కంటికి కనబడని వస్తువుకొరకు గొంతులో వ్రేలు పెట్టి వెదకరాదు. అది మరింత లోనికి పోవును. అదే సమయమున మరియొకరు 108కి ఫోను చేయవలెను.

నిప్పు, నీరు, పొగ

చలికాలమున కుంపటి, అనగా ఇచ్చటివారు గోర్సీ యని పిలుచు మట్టి అంగీఠీ, అనేక ఇండ్లలో వెలుగును. మూసిన గదిలో బొగ్గు కాలినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించుచున్నవారు మేల్కొనకయే మరణింతురు. కావున కుంపటిని బయటనే వెలిగించి, నిద్రకు ముందు ఆర్పివేయవలెను. గదిలోనికి తెచ్చి పడుకొనరాదు. భోగిమంటకు బిడ్డను చేయిచాచినంత దూరమునకు తీసికొనిపోరాదు, ఎత్తుకొనియుండుట క్షేమము. వ్రేలాడు ఉన్ని శాలువలు, నైలాను బట్టలు మంట దగ్గర తగవు.

స్నానపు బకెట్టులో ముందు చన్నీళ్ళు, పిమ్మట వేడినీళ్ళు పోయవలెను. నీళ్ళు కాచు కరెంటు రాడ్డు బకెట్టులో నుండగ బిడ్డను ఆ గదిలోనికి రానీయరాదు. జానెడు నీళ్ళు గల బకెట్టులో కూడ తలక్రిందులుగ పడిన బిడ్డ లేవజాలడు. పని కాగానే బకెట్టును బోర్లించుడు.

ఎప్పుడు వైద్యుని చూపవలెను?

జలుబు, దగ్గు సాధారణముగ వారము పది దినములలో తగ్గును. కాని న్యుమోనియా వేరు. బిడ్డ శాంతముగ నున్నపుడు చొక్కా తీసి, పూర్తి ఒక నిమిషము ఊపిరులు లెక్కింపుడు. ఒకటి మొదలు ఐదేండ్ల బిడ్డకు నిమిషమునకు 40 గాని, అంతకు మించి గాని యున్నచో, రొమ్ము క్రింది భాగము లోనికి పోవుచున్నచో, ఆలస్యము చేయక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. పాలు, నీళ్ళు త్రాగలేకపోవుట, మగతగ పడియుండుట, ఫిట్సు వచ్చుట మరింత ప్రమాద సూచనలు. న్యుమోకోకస్ టీకాయు, 9 నెలలకును 16–24 నెలల నడుమను ఇచ్చు తట్టు, రుబెల్లా టీకాయు ప్రభుత్వ కేంద్రములందు ఉచితము.

ఎదుగుదలయందును కొన్ని గుర్తులు కలవు. 18 నెలలకు నడువలేకున్నను, ఒక్క మాటయైనను పలుకకున్నను, పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడకున్నను, వచ్చిన మాటలు మరచిపోవుచున్నను, “వాడే నేర్చుకొనును” అని కాలయాపన చేయరాదు. తొలిదినములలో చేసిన సహాయమే ఫలించును. అంగన్‌వాడీ కార్యకర్తను గాని, ఎ.ఎన్.ఎమ్.ను గాని అడుగుడు. 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము నేడు దేశమంతట అంగన్‌వాడీలుగ వ్యాపించినది. అచ్చట బిడ్డను తూచుదురు, ఆహారమిత్తురు, ఆటలు నేర్పుదురు. మూడేండ్లలోపు బిడ్డలను ఇంట ఆడించుటకై “నవచేతన” అను జాతీయ ప్రణాళికయు 2024లో వెలువడినది. సొంత ఊరు విడిచి వచ్చిన కుటుంబములకును ఈ సేవలు పొందు హక్కు కలదు.

ఉక్కు కరగు ఊరిలో వేడిమిని, కాలమును సరిగ చూచుకొనుట కార్మికునకు తెలిసిన విద్యయే. తొందరపడినను, ఆలస్యము చేసినను లోహము చెడును. బిడ్డ విషయమునను తొలి మూడేండ్లు అట్టి కాలమే. ఆ కాలము మరల రాదు. రేపటి ఎండ వేళ బిడ్డను వాకిటికి తీసికొనిపోయి, వాడు చూపిన దానిని చూడుడు. వాడు అడిగిన దానికి పేరు చెప్పుడు. ఇందులకు ఖర్చు లేదు. తల్లి దండ్రుల మనస్సు చాలును.